రెక్కలు ఆరబెట్టుకునే అక్క

ఎదురింటి అక్క పోయిన మర్నాడు వాళ్ళమ్మాయి మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిస్తున్నారట, అమ్మది మంచి ఫోటో ఒకటి కావాలట. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో గుంపు మధ్య తీసినవే. నా ఫోన్లో ఎలాగూ బోలెడుంటాయి కదా అని వచ్చింది.

నిజమే, బోలెడున్నాయి. అక్క వీడియోలతో నా ఫోను ఎంత నిండిపోయిందంటే, ఏదో ఒకటి తీసెయ్యమని అదే నన్ను రోజూ బతిమాలుతూ ఉంటుంది. ఇద్దరం మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశాం. ఒకదాంట్లో అక్క ఒంటికాలి మీద నిలబడి మెడను భుజాల్లోకి లాక్కుని ఉంది. ఒకదాంట్లో కొంగును తల మీద కుచ్చులా నిలబెట్టి నేలను పొడుస్తోంది. ఇంకోదాంట్లో చేతులు వెనక్కి పెట్టి, వాటినే తోకలా పైకీ కిందికీ ఆడిస్తోంది. మనిషిలా ఉన్నది ఒక్కటీ లేదు. అన్నీ పిట్టలే. కాస్త పరవాలేదనిపించిన చోట ఆపి, ఆ బొమ్మ ఫ్లెక్సీ అతనికి పంపాను. అతను వెంటనే ఫోన్ చేసి, మేడం, ఈమెకు మెడకాడ ఏమన్న ఆపరేషన్ అయ్యిందా అని అడిగాడు. అది కొంగ అని చెప్పడానికి నోరు తెరిచి, ఎదురుగా కూర్చున్న పిల్ల ముఖం చూసి మూసుకున్నాను. ఆ పిల్లే ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

చివరికి అక్క డ్యూటీ ఐడీ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించారు. అందులో అక్క చెయ్యని తప్పుకు సంజాయిషీ ఇవ్వడానికి వచ్చినదానిలా గుడ్లు పెద్దవి చేసి చూస్తూ ఉంది. చౌరస్తాలో దాని ముందు నిలబడితే, ఎవరో తెలియని ఆవిడకు దండం పెడుతున్నట్టే అనిపించింది నాకు. అక్క ఏ పిట్టా కాకుండా అంత కదలకుండా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ వీడియోలు తీయడానికి కారణం నా ఉద్యోగం. ఫోన్లో ఆడుకునే ఆటలుంటాయి చూడండి, వాటిలో దారికి అడ్డంగా వచ్చే వింత ప్రాణులను గీయడం నా పని. నేను నస్పూర్‌లో పుట్టి పెరిగాను. హైదరాబాదులో ఈ పని నేర్చుకున్నాను. మా ఆయనకు గోదావరిఖనిలో ఉద్యోగం కావడంతో, పెళ్ళయ్యాక కంప్యూటరూ గీసే పలకా సర్దుకుని ఇక్కడి బొగ్గు కంపెనీ క్వార్టర్‌కు వచ్చేశాను. ఇంట్లోంచే పని. నేను ఏం చేస్తానో కాలనీలో ఎవరికీ అంతుపట్టలేదు. కొందరు ట్యూషన్లు చెబుతాననుకున్నారు. ఒకాయన ఆన్‌లైన్ సెంటర్ అనుకుని ఆధార్ కార్డులో ఇంటిపేరు సరిచేయమని తెచ్చి ఇచ్చాడు. కాదండీ, నేను భూతాలను గీస్తాను అని చెప్పాను. ఆయన కార్డు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్లో మా స్టూడియో ఒక కొత్త ఆట మొదలుపెట్టింది. అందులోని ప్రాణులన్నీ మన దేశపు అడవి పక్షుల్లోంచి పుట్టినట్టుండాలి. మీటింగులో మా లీడ్, అంటే మా బొమ్మల బృందానికి పెద్ద, నన్ను చూసి, మీరు గోదావరి ఒడ్డునే ఉంటారుగా, పక్కనే అడవి కూడా, ఈ పని మీకే సరిపోతుంది అన్నాడు. నేను తల ఊపాను. నాకు తెలిసిన పక్షులు కాకి, పిచ్చుక, పావురం, ఆదివారం కోడి. పాలపిట్ట కూడా తెలుసని చెప్పుకోవచ్చు గాని, అదీ నిజం కాదు. దసరా నాడు అందరూ వేలు పెట్టి చూపిస్తుంటే ఆ వైపు తిరిగి, కనబడింది కనబడింది అనేదాన్ని. ముప్పై ఏళ్ళొచ్చినా దాన్ని సరిగ్గా చూసింది లేదు.

అయినా గీశాను. నెమలికి మంటల తోక పెట్టాను. గద్దకు కొమ్ములూ, ఛాతీకి ఇనుప కవచమూ తొడిగాను. లీడ్ చాలా సేపు చూసి, బాగున్నాయి, రిసెప్షన్ స్టేజీ వెనకాల పెట్టుకోవచ్చు అన్నాడు.

అక్కది మా ఎదురు క్వార్టర్. యాభై దాటిన మనిషి, భారీ శరీరం, మోకాళ్ళ నొప్పి వల్ల ఒక పక్కకు ఒరిగి ఒరిగి నడిచేది. భర్త బొగ్గుబాయిలో పనిచేస్తూ గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. బాయి మీది క్యాంటీన్‌లో పని. తెల్లవారకముందే మొదటి షిఫ్టుకు వెళ్ళి, మధ్యాహ్నానికి ఇంటికి చేరేది. ఒక్కతే కూతురు, కాసిపేటలో ఇచ్చారు. ఇవి నాకు తర్వాత తెలిసినవి. మొదట తెలిసింది మాత్రం ఆమె గొంతు. మా కాలనీలో ఎవరి గురించి మాట్లాడినా ఆమె వాళ్ళ పేరు చెప్పేది కాదు, వాళ్ళ గొంతుతో మాట్లాడేది. గోడ ఇవతల కూర్చుని పని చేసుకుంటున్న నాకు, ఆమె వాకిట్లో పదిమంది పోగయ్యారని అనిపించేది. తొంగిచూస్తే అక్క ఒక్కతే, ఎదురుగా కూరగాయల బండి అతను.

ఒకరోజు క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ఏదో పిట్ట ఒకటే గోల చేస్తోంది. బట్టలు పిండుతున్న అక్కను, అదేం పిట్ట అక్కా అని అడిగాను.

"ఏం పిట్టనో నాకేమెరుక. గిట్ల చేస్తది" అంది.

అని, చేతిలోని బట్ట బకెట్‌లో పడేసి, చీర కుచ్చిళ్ళు కొద్దిగా పైకి దోపింది. చిన్న చిన్న అడుగులతో గబగబా పరిగెత్తి, టక్కున ఆగింది. నడుము దగ్గర మడత పెట్టినట్టు మొత్తం ఒళ్ళంతా ముందుకు వంగి నేలను ఒక్కసారి పొడిచి, మళ్ళీ నిటారుగా లేచి, తన మీద ఎవరో చాడీ చెప్పారన్నట్టు అటూ ఇటూ చూసింది. మళ్ళీ పరుగు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియదు. అంత లావు మనిషి, పొడుగు కాళ్ళ మీద తేలికగా నిలబడిన ఏదో అయిపోయింది. నేను చెయ్యాల్సింది ఒక్కటే, లోపలికి వెళ్ళి ఫోను తెచ్చుకోవడం. అదీ తోచలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. అక్క మళ్ళీ బకెట్ దగ్గర కూర్చుని పిండడం మొదలుపెట్టింది.

ఆ రోజంతా కంప్యూటర్ ముందు వెతికి అది తీతువు అని తెలుసుకున్నాను. సాయంత్రం పరిగెత్తుకుంటూ పోయి ఆ పేరు చెప్పాను. అక్కకు ఏమీ అనిపించలేదు. పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుందా అని అడిగింది. తను అన్ని పిట్టలకూ మనుషుల పేర్లే పెట్టింది. అవి కూడా కుదురుగా ఉండవు. నిన్న క్యాంటీన్ సూపర్‌వైజర్ అయిన కొంగ ఇవాళ పాల ప్యాకెట్ల ఆయన అయ్యేది. చాలాసార్లు తప్పులు కూడా చెప్పేది. గుడ్లగూబ పగలు నిద్రపోదని, మనం పోయాక మనల్నే చూస్తుందని గట్టిగా వాదించేది.

అప్పటి నుంచి అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఇంత తిని, ఒక కునుకు తీసి, మా వాకిట్లోకి వచ్చి కూరగాయలు అమ్మేదానిలా, ఇవాళ పిట్టేమన్న కావాల్నా చెల్లె అని అడిగేది. నేను టీ పెట్టేదాన్ని. ఆమె చేసేది, నేను ఫోన్లో పట్టేదాన్ని. కళ్ళు మూసి తెరవడం, తల ఒక్కసారి పక్కకు తిప్పడం, రెక్కను దులపరించుకుని దాన్నే అనుమానంగా చూడడం. నా బొమ్మల్లో కొమ్ములూ కవచాలూ రాలిపోయాయి. వాటి బదులు కాళ్ళలో బరువు, మెడలో భయం వచ్చాయి. లీడ్ ఒకరోజు, ఈ మధ్య మీరు ఫీల్డ్‌కు బాగా తిరుగుతున్నట్టున్నారు అన్నాడు. మా వాకిలి దాటలేదని చెప్పలేదు.

ఒకసారి ఆమె ఒక విచిత్రమైన పిట్టను చేసింది. నాలుగడుగులు ముందుకేసి, ఏదో మరిచిపోయినట్టు ఒకటి వెనక్కి గెంతి, గొంతులో గుర్రుమనేది. నేను దాని గురించి ఎంత వెతికినా దొరకలేదు. పక్షుల గురించి బాగా తెలిసిన ఒక మిత్రుడికి వీడియో పంపితే, అతను పాపం ఇద్దరు ముగ్గుర్ని కనుక్కుని, మాకు తెలిసిన దేనితోనూ సరిపోవడం లేదు, ఎక్కడ చూశారో జాగా చెప్పండి, మేం వస్తాం అన్నాడు. అక్కను అడిగాను. అది పిట్ట కాదు, మా అత్త అంది. ఆ పాటికి నేను దాన్ని గీసి, రంగులేసి, అంతరించిపోతున్న జాతి అని కింద రాసి పంపేశాను కూడా. ఆ ప్రాణి ఇప్పటికీ ఆటలో ఉంది. ఒక బావి చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

నన్ను కూడా ఆమె వదల్లేదు. బతుకమ్మ ఆడే రోజుల్లో, పాటల మధ్య విరామంలో, ఆడవాళ్ళంతా ఏదైనా చేయమని అడిగారు. అక్క ఒక మూల కూర్చుని, వీపు విల్లులా వంచి, మెడ ముందుకు జాపి, నాలుక కొసను పెదవి పక్కన బయటపెట్టి, గాల్లో ఏదో గీస్తూ ఉండిపోయింది. నీళ్ళ పక్కన చేప కోసం చూసే కొంగ అనుకుని నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్నే చూసి నవ్వుతున్నారని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంటికొచ్చి మా ఆయన్ని, నేను పని చేసేటప్పుడు నాలుక బయట పెడతానా అని అడిగాను. పెళ్ళిచూపుల నాడు టీ కప్పు అందిస్తున్నప్పుడు కూడా పెట్టావని చెప్పాడు.

ఇంత జరుగుతున్నా, నాకు ఒక్కసారైనా నిజమైన పక్షుల్ని చూడాలనే పట్టుదల వచ్చింది. బైనాక్యులర్ తెప్పించుకున్నాను. బోలెడు జేబులున్న ఖాకీ చొక్కా, అంచున్న టోపీ కూడా కొన్నాను. ఒక ఆదివారం పొద్దున అక్కను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో గోదావరి వంతెన దగ్గరికి వెళ్ళాను. ఆటోలో వాళ్ళు నన్ను చూసి, భూములు కొలవడానికి వచ్చిన ఆఫీసర్ అనుకుని, ఇక్కడ ఇంకా ఎవరి జాగాలు పోతాయి మేడం అని అడిగారు. అక్క నా తరఫున, ఇంకా ఖరారు కాలేదని గంభీరంగా సమాధానం చెప్పింది.

ఒడ్డున నేను బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాను. దాంట్లో ఆకాశం కనిపించింది, నా కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి. అక్క బట్టలుతికేవాళ్ళను, స్నానాలు చేసేవాళ్ళను చూస్తూ కూర్చుంది. ఆకలేసి పూరీల డబ్బా తెరిచి, ఒక పూరీని చుట్టి నోటి దాకా తెచ్చుకున్నానో లేదో, ఒక గద్ద వచ్చి దాన్ని నా చేతిలోంచి పట్టుకుపోయింది. నా జీవితంలో ఒక అడవి పక్షిని అంత దగ్గరగా చూసే అవకాశం అదొక్కటే. ఆ క్షణంలో నేను కళ్ళు గట్టిగా మూసుకుని కేక పెట్టాను. అక్క నవ్వి నవ్వి పక్కకు ఒరిగిపోయింది. లేచి, ముందు గద్దను చేసింది, తర్వాత పూరీని చేసింది, చివర నన్ను చేసింది.

ఆ తర్వాత నీళ్ళ మధ్య బండరాళ్ళ మీద నల్లటి పిట్టలు కొన్ని నిలబడి ఉండడం చూశాం. రెండు రెక్కలూ పూర్తిగా చాచి, ఎండలో కదలకుండా. నీటికాకులు. నీళ్ళల్లో మునిగి వచ్చాక రెక్కలు ఆరబెట్టుకుంటాయట. అక్క వాటిని చాలా సేపు చూసింది. ఏమీ హాస్యం ఆడలేదు. లేచి నిలబడి చేతులు రెండూ చాచింది. మణికట్టు దగ్గర కొద్దిగా వేలాడనిచ్చింది. తల ఒక పక్కకు వంచి కళ్ళు మూసుకుంది. నొప్పి ఉన్న కాలి మీద బరువు పడకుండా ఒక పక్కకు ఒరిగి నిలబడింది. నేను ఫోను తీశాను. ఎంత సేపైనా చేతులు దించలేదు. అయిపోయిందా అక్కా అంటే, "ఉండవే, మంచిగ అనిపిస్తుంది" అంది కళ్ళు తెరవకుండా. క్యాంటీన్‌లో పెద్ద పెద్ద గిన్నెలు కడిగాక, ఇంటికి పోయే ముందు తలుపు దగ్గర ఇలాగే చేతులు ఆరబెట్టుకుంటానని తర్వాత ఆటోలో చెప్పింది. రోజంతా తడిలో నానిన చేతులకు ఆ కాసేపే గాలి తగిలేదట.

ఇంటికొచ్చి గీసిన బొమ్మే తడిరెక్క. తాటిచెట్టంత ఎత్తు, బొగ్గులా నల్లగా, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, చేతుల్లాంటి రెక్కలు చాచి దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. కదిలితే ఒక పక్కకు ఒరిగి ఒరిగి నడుస్తుంది. అక్కకు చూపిస్తే, కడుపు కొంచెం తగ్గించమని మాత్రం అడిగింది. నేను తగ్గించలేదు. స్టూడియోలో అందరికీ తెగ నచ్చింది. నేను గీసినవాటిలో మొదటిసారి రిసెప్షన్ స్టేజీ ఊసెత్తని బొమ్మ అదే.

బొమ్మలు గీసేవాళ్ళకు ఆట మొత్తం ఎవరూ చూపించరు. మేం గీసి పంపుతాం, వాటితో ఏం చేయాలో వేరేవాళ్ళు తేలుస్తారు. ఆట విడుదలయ్యాక చూసుకుంటే, తడిరెక్క ఒక శత్రువు. మూడో మజిలీలో వంతెన మీద నిలబడి ఉంటుంది. ఆడేవాడు దాని రెక్క కింద బాణం వేసి కూల్చితే తప్ప ముందుకు పోలేడు. నాకు మనసు చివుక్కుమంది గాని, ఆట అన్నాక అంతేలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం వంకాయ కూర వండుకుని మంచిగా తిన్నాను కూడా.

అయితే ఆట మా ఊరికీ వచ్చింది. షిఫ్టు దిగి టీ తాగడానికి క్యాంటీన్‌కు వచ్చే కార్మికులు కొందరు దాన్ని ఫోన్లో ఆడేవాళ్ళు. మూడో మజిలీ చేరగానే ఒకతను తల ఎత్తి, టీ పోస్తున్న అక్కను చూశాడట. మళ్ళీ ఫోను చూశాడట. ఆ ఒరుగుడు నడక దాచినా దాగేది కాదు. మొదట్లో అక్కకు అది సంబరంగానే ఉంది. ఇయ్యాల నిన్ను సంపినమక్కా అని వాళ్ళు అంటే, ఆమె టీ కేటిల్ పక్కన పెట్టి, రెక్క పట్టుకుని, మూలుగుతూ, బల్లకు ఆనుకుని కూలిపోయేది. క్యాంటీన్ అంతా ఈలలు. నాకు వచ్చి చెప్పేది. నేనూ నవ్వేదాన్ని.

కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది. ఒక సాయంత్రం వచ్చి, ఒక్కసారి తనకు మొత్తం ఆడి చూపించమంది. ఆడడం నాకు చేతకాదు. నేను గీసిన ప్రాణులే నన్ను మొదటి మజిలీలో తినేస్తాయి. అందుకని ఎవరో ఆడి పెట్టిన వీడియో తెరిచాను. అక్క నా ఫోను రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. వంతెన మీద తడిరెక్క నిలబడి ఉంది. బాణం తగిలింది. రెక్క ఒకటి వేలాడింది. ఒక మోకాలి మీద కూలింది, తర్వాత రెండోది. ఆడేవాడు దాని వీపు మీద కాలు పెట్టి దూకి అవతలికి పోయాడు.

"గది ఏం చేసింది వాళ్ళను?" అంది అక్క.

ఏమీ చేయలేదు, దారికి అడ్డం ఉందంతే అన్నాను.

"రెక్కలు ఆరవెట్టుకుంటుంది గద. ఆరినంక పోతుండె."

అక్క ఫోను తిరిగి ఇచ్చేసింది. వాళ్ళు సరదాకే అంటారని తనకు తెలుసట. ఎవరి మీదా కోపం లేదట. కానీ పడిపోయి పడిపోయి తనకే యాష్టకు వచ్చిందట. దాన్ని చంపకుండా తొవ్వ దాటే ఉపాయం ఏదైనా పెట్టించమని అడిగింది. అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను మీటింగుల్లో మాట్లాడిన మాటలు రెండు: కనబడుతోంది, వినబడుతోంది. అలాంటిదాన్ని ఆ వారం అంతా అద్దం ముందు ప్రసంగం తయారు చేసుకున్నాను. మీటింగు రోజు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. అదేమీ చేయలేదండీ, తడిసి వచ్చి ఎండలో నిలబడింది, ప్రతిదాన్నీ చంపితేనే దారి దొరుకుతుందని మనం ఎందుకు అనుకోవాలి అని, తయారు చేసుకున్నదంతా ఒక్క ముక్క వదలకుండా మాట్లాడాను. కళ్ళు తెరిచి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. లీడ్ నెమ్మదిగా, మీరు మ్యూట్‌లో ఉన్నారండీ అన్నాడు.

రెండోసారి చెప్పేటప్పటికి ప్రసంగంలో సగం మర్చిపోయాను. మిగిలిన సగం, అది మా ఎదురింటి ఆవిడ, ఆమెకు బాగా లేదు, పడిపోతోంది, అన్న తీరున బయటికొచ్చింది. ఎవరికీ అర్థం కాలేదు. లీడ్ మంచివాడే. ఆటలో ఎవరూ ఆగి నిలబడరని, దారి కావాలంటే కొట్టాలని, కొట్టడానికే జనం ఆడతారని ఓపికగా చెప్పాడు. అప్పుడు కోడు రాసే అమ్మాయి, అంతవరకూ తనూ నాలాగే నోరెత్తనిది, ఆయుధం కింద పెట్టి కాసేపు కదలకుండా ఉంటే అది రెక్కలు ముడుచుకుని పక్కకు జరిగేలా చేయొచ్చు, పెద్ద పనేం కాదు అంది. లీడ్ ఆలోచించి ఒప్పుకున్నాడు. ఎలాగూ ఎవరూ కనిపెట్టరు, కాబట్టి నష్టం లేదన్నాడు.

అతనికి అక్క సంగతి తెలియదు. ఆ మార్పు ఆటలోకి వచ్చిన రోజే నేను ఆమెకు చెప్పాను. మర్నాటికల్లా బాయి మీద అందరికీ తెలిసిపోయింది. ఆ సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చి చేసిన ప్రదర్శన నేను చూసినవాటిలో గొప్పది. అది ఫోన్లో పట్టలేదు, పట్టాలని కూడా అనిపించలేదు. ముందు కార్మికులను ఒక్కొక్కరినీ చేసింది. ఒకతను ఊపిరి బిగబట్టి ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడట, బొటనవేలు దురద పెడుతున్నా కదపకుండా. ఇంకొకతను సగంలో తుమ్మి, వేలు తగిలి, మళ్ళీ మొదటికొచ్చాడట. చేతిలో టీ గ్లాసులు చల్లారిపోతుంటే ఎవరూ తాగలేదట. వెనక షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నా లేవలేదట. అక్క వాళ్ళ మధ్య తిరుగుతూ కదలకు, కదలకు అంటూ కాపలా కాసిందట. చివరికి ఒకరి ఫోన్లో అది రెక్కలు దించిందట.

ఇక్కడ అక్క తడిరెక్క అయింది. మా ముందుగది మధ్యలో చేతులు చాచి నిలబడింది. నన్ను కళ్ళతోనే కదలొద్దంది. నేను టీ గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. కాసేపటికి ఒక రెక్క ముడిచింది. తర్వాత రెండోది. ఒక పక్కకు ఒరుగుతూ నెమ్మదిగా జరిగి, వంటింటి దారి నాకు వదిలింది. నేను వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించాల్సింది మరిచి, ఊరికే గోడ చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఏడాది అక్కకు ఆయాసం మొదలైంది. గుండె వాచిందన్నారు. డ్యూటీకి పోవడం తగ్గింది, పిట్టలు తగ్గాయి. కూర్చుని చేయగలిగినవి మాత్రమే చేసేది. గుడ్లగూబ ఎక్కువైంది. వానాకాలంలో ఒంట్లో నీరు చేరి దవాఖానలో పడింది. నేను యాపిల్ పండ్లు పట్టుకుని వెళ్ళాను. దవాఖానకు యాపిల్ పండ్లు పట్టుకుపోయేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, ఊపిరి అందకపోయినా, నన్ను చూసి చేసి చూపించింది. పక్క మంచం ఆమె నవ్వింది. ఏదైనా పిట్టను చేయి అక్కా అని నేను అడిగాను, ఏం మాట్లాడాలో తెలియక.

"ఇయ్యాల పిట్టల్లేవే చెల్లె. అలిసిపోయిన" అంది.

కూతురు మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళింది. అక్క కళ్ళు మూసుకునే అడిగింది, ఆటలో అది ఇంకా నిలబడే ఉందా అని. నిలబడే ఉందన్నాను.

"కూసోవెట్టరాదు జర. కాళ్ళు గుంజుతయి."

ఇంటికొచ్చి ఆ రోజే గీశాను. వంతెన పిట్టగోడ మీద కూర్చుని, కాళ్ళు రెండూ బారజాపుకుని, రెక్కలు ఒళ్ళో పెట్టుకున్న తడిరెక్క. కడుపు కూడా తగ్గించాను. లీడ్‌కు పంపితే, చాలా బాగుంది, కానీ కూర్చున్న శత్రువుతో మనం ఏం చేస్తాం అన్నాడు. అతను అడిగింది సబబే. ఆ బొమ్మ అక్కకు చూపిద్దామని అనుకున్న రోజు పొద్దున్నే ఆమె పోయింది.

ఈ మధ్య ఎదురు క్వార్టర్‌లోకి కొత్త కుటుంబం వచ్చింది. ఆయనకు ఓపెన్‌కాస్ట్ గనిలో ఉద్యోగం. ఆమెకు పాతికేళ్ళుంటాయి, ఊరు కొత్త, ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొద్దున్నే బట్టలు ఆరేసి తలుపు వేసుకునేది. మా స్టూడియో నుంచి కొత్త పని వచ్చింది, ఈసారి జెముడుకాకి మీద. అది మా వెనక కంచెలోనే తిరుగుతూ ఉంటుంది, ఎర్ర కళ్ళతో, పొదల కింద బరువుగా నడుస్తూ. వీడియోలన్నీ వెతికాను. అక్క దాన్ని ఎన్నడూ చేయలేదు. గీస్తే మళ్ళీ కొమ్ములు రావడం మొదలైంది.

చివరికి మొన్న పొద్దున పెరట్లోకి వెళ్ళి, చుట్టూ ఎవరూ లేరనుకుని, చేతులు వెనక్కి పెట్టి, తోక బరువు ఊహించుకుని, నడుము వంచి అడుగులు వేశాను. ఒక గెంతు కూడా గెంతాను. చెప్పు ఊడిపోయింది. తల ఎత్తి చూస్తే కంచె పక్కన, ఖాళీ జాగాలో ఆరేయడానికి తెచ్చిన తడిబట్ట పట్టుకుని కొత్తగా వచ్చిన అమ్మాయి నిలబడి ఉంది.

"నడుము వట్టిందా అక్కా?" అంది భయంగా.

లేదమ్మా, పిట్టను చేస్తున్నాను అన్నాను. ఆమె నన్ను చూసింది, ఊడిపోయిన చెప్పును చూసింది. నవ్వకూడదని బట్ట నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. కంచె పట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఈ ఊరొచ్చాక ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు.

చెప్పు అక్కడే వదిలేసి, ఇంకోసారి చేశాను.